స్కూలు లైబ్రరీలో పిల్లలు సొంతంగా చేసే ప్రాజెక్టులకు వికీపీడియా వాడనివ్వవచ్చా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఎవరి అంశం వాళ్లే ఎంచుకుని పరిశోధన చేసే పని ఇచ్చారు. లైబ్రరీలో కంప్యూటర్లు ఉన్నాయి. సైన్సు టీచరేమో ఎవరైనా దిద్దగలిగే వికీపీడియా జోలికే వెళ్లొద్దంటున్నారు. లైబ్రరీ చూసుకునే మీరు మధ్యలో ఇరుక్కున్నారు.

నేనూ ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి సూటిగా చెప్తాను: వాడనివ్వండి. కాకపోతే పని మొదలుపెట్టేటప్పుడు అక్కడికి వెళ్లనివ్వండి, రాసేటప్పుడు వద్దు. మనం వద్దన్నంత మాత్రాన పిల్లలు మానేస్తారా? ఇంట్లో చూసి రాసుకొచ్చి, అడుగున ఏదో పుస్తకం పేరు తగిలిస్తారు. అదేదో మన కళ్లెదుటే చూస్తే, ఎలా చూడాలో చెప్పే వీలైనా ఉంటుంది.

ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వాలు పిల్లలకు అన్నిటికంటే బాగా పనికొచ్చేది ప్రశ్నను చిన్నది చేసుకోవడానికి. మొదటి రోజు వాళ్లు తెచ్చే అంశాలు "అంతరిక్షం", "రెండో ప్రపంచ యుద్ధం", "జంతువులు" ఇలా ఉంటాయి. వాటి మీద కాపీ కొట్టడం తప్ప ఎవరైనా ఏం చేయగలరు? ఒకమ్మాయి "ప్లూటో" అంటూ వచ్చింది. ఇంగ్లీషు వ్యాసం తెరిపించి, మొదటి పేరా, విషయసూచిక మాత్రం చదివి ఆగమన్నాను. ఈలోగా బీరువాలోంచి పాత విజ్ఞాన సర్వస్వం సంపుటం తీసి పక్కన పెట్టాను. అందులో గ్రహాలు తొమ్మిది. తెర మీద ఎనిమిది. "ఏది తప్పు మేడమ్?" అని అడిగింది. పుస్తకం ఎప్పుడు అచ్చయిందో చూడమన్నాను.

2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ శాస్త్ర సమాఖ్య గ్రహం అంటే ఏమిటో నిర్వచించి, ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లోకి మార్చింది. ఆ పుస్తకం అంతకంటే పాతది. అప్పుడు వ్యాసం పైన ఉండే చరిత్ర ట్యాబ్ నొక్కించాను. ఎవరు ఏ రోజు, ఏ నిమిషానికి ఏం మార్చారో వరసగా కనిపిస్తుంది. ఆ తేదీకి ముందటి కూర్పు ఒకటి, తర్వాతది ఒకటి తెరిచి పక్కపక్కన పెట్టుకుని, ఏ వాక్యం పోయింది, ఏది కొత్తగా చేరింది అని నోట్సులో రాసుకుంటూ కూర్చుంది. గంట మోగినా లేవలేదు. మర్నాటికి ఆమె ప్రశ్న మారిపోయింది: ప్లూటోలో ఏ మార్పూ లేకుండానే దాని హోదా ఎందుకు మారింది? అక్కడి నుంచి 2005లో బయటపడిన ఎరిస్ దగ్గరికి వెళ్లింది. ప్లూటో అంత ఉన్న ఇంకో వస్తువు దొరికేసరికి, దాన్నీ గ్రహమనాలా, రెండింటినీ తీసేయాలా అన్న పేచీ వచ్చింది కదా. చివరికి నిర్వచనంలోని మూడో షరతు, అంటే తన కక్ష్య చుట్టుపక్కల ప్రాంతాన్ని ఖాళీ చేసుకుని ఉండాలన్నది, దాని మీదే ప్రాజెక్టు నడిచింది. ఆ తీర్మానం పాఠాన్ని సమాఖ్య సైట్లోనే చదివింది. అక్కడికి చేర్చింది వ్యాసం అడుగున ఉన్న మూలాల జాబితా.

నేను పిల్లలకు పట్టుబట్టి నేర్పేది ఈ మూలాల పనే. వాక్యం చివర కాస్త పైకి కనిపించే చిన్న అంకె నొక్కాలి. మూలం తెరుచుకుంటే, వ్యాసంలో చెప్పిన మాట నిజంగా అందులో ఉందో లేదో వెతకాలి. ఒక్కోసారి ఉండదు! అలాంటిది దొరికిన రోజు పిల్లల ఉత్సాహం చూడాలి, టీచర్ని తప్పు పట్టుకున్నంత సంబరం. లింకు చచ్చిపోయి ఉంటే ఆ చిరునామాను, పాత వెబ్ పేజీలను దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వేస్తే పాత పేజీ చాలాసార్లు దొరుకుతుంది. మూలం పుస్తకమైతే మన బీరువాలో ఉందేమో చూడాలి. అసలు అంకే లేని వాక్యాన్నీ, మూలం కావాలన్న ముద్ర పడిన వాక్యాన్నీ నోట్సులోకి ఎక్కించకూడదు.

పెద్దపిల్లలకైతే ఇంకో చిక్కు కూడా చెప్తాను. వ్యాసంలో ఎవరో ఆధారం లేకుండా ఒక మాట రాస్తారు. దాన్ని చూసి ఓ విలేఖరి వార్తలో వాడతాడు. తర్వాత ఆ వార్తే వ్యాసంలో ఆధారంగా వచ్చి కూర్చుంటుంది. దీన్ని పట్టుకోవాలంటే మళ్లీ చరిత్ర ట్యాబే దిక్కు: ఆ మాట వ్యాసంలోకి ఎప్పుడొచ్చింది, వార్త తేదీ ఏమిటి, రెండూ పోల్చుకోవాలి.

ఇక నమ్మకం సంగతి. మీ సైన్సు టీచరు భయం ఊరికే పుట్టింది కాదు. జాన్ సీగెంథాలర్ అనే అమెరికన్ పాత్రికేయుడికి అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీ, ఆయన తమ్ముడు రాబర్ట్‌ల హత్యలతో సంబంధం ఉందని అనుమానించినట్టు 2005లో ఎవరో పచ్చి అబద్ధం రాస్తే, అది నాలుగు నెలల పైన అలాగే ఉండిపోయింది. ఆ ఏడాది చివర్లోనే, ఖాతా లేనివాళ్లు కొత్త వ్యాసాలు మొదలుపెట్టకుండా ఇంగ్లీషు వికీపీడియా ఆపేసింది. మరోవైపు అదే ఏడాది డిసెంబరులో నేచర్ అనే సైన్సు పత్రిక 42 సైన్సు అంశాల మీద వికీపీడియా వ్యాసాలనూ, పేరున్న ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం బ్రిటానికా వ్యాసాలనూ నిపుణుల చేత పోల్చి చూపిస్తే, సగటున ఒక్కో వ్యాసంలో వికీపీడియాకు నాలుగు, బ్రిటానికాకు మూడు తప్పులు తేలాయి. బ్రిటానికా ఆ లెక్క ఒప్పుకోలేదు, గట్టిగానే ఖండించింది. వికీ అభిమానులు దీన్ని ఇప్పటికీ సర్టిఫికెట్‌లా చూపిస్తుంటారు గానీ, నేను చూపించను. చూసింది సైన్సు ఒక్కటే, అదీ ఎప్పటి మాటో. నా అనుభవంలో రసాయన మూలకాలు, గ్రహాలు, గణితం లాంటి వ్యాసాలు పిల్లల అవసరానికి గట్టిగానే ఉంటాయి. బతికున్న మనుషులు, చిన్న సంస్థలు, నడుస్తున్న రాజకీయాల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అలాంటి వ్యాసాలకు చర్చ పేజీ, అంటే రాసేవాళ్లు ఆ వ్యాసం గురించి వాదించుకునే పేజీ, ముందు చదివిస్తాను. ఎక్కడెక్కడ తగువుందో వ్యాసంలో కంటే అక్కడే త్వరగా తెలుస్తుంది.

బ్రిటానికాకు చందా ఉంటే సరే. 2012లో అచ్చు ఆపేసినా, ఆన్‌లైన్‌లో బడి పిల్లల కోసం స్థాయిల వారీగా ఇస్తున్నారు. చాలా వ్యాసాలకు రాసినవారి పేరుంటుంది, భాష కుదురుగా ఉంటుంది. చందా లేదని బాధపడక్కర్లేదు. ఇంటర్నెట్ సరిగా రాని బడి అయితే కివిక్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో వికీపీడియాను ముందే దింపి పెట్టుకోవచ్చు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అయితే చరిత్ర, చర్చ పేజీలు అందులో రావు.

భాష విషయం కూడా అడగొచ్చు మీ పిల్లలు. తెలుగు వికీపీడియా వ్యాసం ఇంగ్లీషు వ్యాసానికి అనువాదమే అనుకుంటారు. అన్నీ అలా కావు. ఎవరికి వారు రాసుకున్నవీ ఉంటాయి, కొన్నిచోట్ల అంకెలు కూడా కలవవు. రెండూ తెరిపించి, కలవని చోట ఆగి మూలం చూడమనండి. ఇంగ్లీషు కష్టమైన పిల్లలకు సింపుల్ ఇంగ్లీష్ వికీపీడియా ఉంది, చిన్న వాక్యాలు, చిన్న వ్యాసాలు.

ఒక హెచ్చరిక. "తప్పు రాసి ఎంతసేపు ఉంటుందో చూద్దాం" అని కనీసం ఒక కుర్రాడికైనా అనిపిస్తుంది. సాధారణంగా నిమిషాల్లో తీసేస్తారు, మళ్లీ మళ్లీ చేస్తే బడి కనెక్షన్ మొత్తానికి దిద్దుబాట్లు బంద్ అవుతాయి.

కాపీ గురించి నేను పెట్టుకున్న పద్ధతి చాలా మొరటుది. కంప్యూటర్ దగ్గర పెన్సిలుతో ముక్కలు ముక్కలుగా నోట్సు, తెర ఆపేశాక వేరే బల్ల దగ్గర రాయడం. రాసేటప్పుడు తెర కనిపించకూడదు, అంతే. ఇద్దరికో కంప్యూటరైతే ఇంకా మంచిది, ఒకరు చదువుతారు, ఒకరు ఎందుకని అడుగుతారు.

సొంత పరిశోధన అన్నాక మీరు కూడా నోరు కట్టేసుకోవాలి. పిల్లలు అడగ్గానే జవాబు చెప్పేయడం మనలాంటి వాళ్లకు ఉన్న జబ్బు. "ఎక్కడ చూశావ్, అడుగున ఏముంది" అని తిరిగి అడిగి వదిలేయండి.

సైన్సు టీచరుతో గొడవ పడకండి. వికీపీడియాను మూలంగా చూపొద్దన్న ఆయన మాట సరైనదే, పరిశోధన వ్యాసాల్లో తనను ఉదహరించడం మంచిది కాదని ఆ సైటే చెప్తుంది. కాబట్టి మూలాల జాబితాలో అది ఉండదని ముందే మాటివ్వండి. దానికి బదులు ప్రాజెక్టు చివర ఒక పేజీ అదనంగా రాయించండి: ఏ వ్యాసంతో మొదలుపెట్టారు, దాని శాశ్వత లింకు (వాళ్లు చదివిన కూర్పునే ఎప్పటికీ చూపించే లింకు), ఏ అంకె నొక్కి ఎక్కడికి వెళ్లారు, ఏది తెరుచుకోలేదు, ఏ మాట కలవలేదు. మార్కుల్లో కొన్ని ఆ పేజీకి కేటాయించమని ఆయన్ని అడగండి. నేను అడిగినప్పుడు మా దగ్గరి టీచరు మొదట రెండు మార్కులకే ఒప్పుకున్నారు, ఇప్పుడు ఐదు ఇస్తున్నారు.