అటారీ ఎస్‌టీ ట్రాక్‌బాల్ అమిగాకు పనికివస్తుందా?

అటారీ ఎస్‌టీ అనే పాత కంప్యూటరు కోసం తయారైన ట్రాక్‌బాల్ (బంతిని దొర్లించి తెరమీది బాణం గుర్తును కదిలించే పరికరం) అమిగా అనే మరో పాత కంప్యూటరులోనూ పనిచేస్తుంది, కాని ముందుగా దాని ప్లగ్గులో 1, 4 పిన్నులకు వెళ్లే తీగలను అటుదిటు, ఇటుదటు మార్చి అతకాలి. బంతి దొర్లినప్పుడు అడ్డం కదలికకు రెండు, నిలువు కదలికకు రెండు సంకేతాలు వెలువడతాయి. ఒకే జంటలో ఏ సంకేతం ముందు మారిందో చూసి కంప్యూటరు దిశను నిర్ణయిస్తుంది. 1985లోనే వచ్చిన ఈ రెండు కంప్యూటర్లు ఆ జంటలను వేర్వేరు పిన్నులకు కేటాయించాయి. ఉదాహరణకు, మహబూబ్‌నగర్‌లో పాత అమిగాను మళ్లీ నడిపిస్తున్న ఒకరు తీగలు మార్చకుండానే దీనిని తగిలిస్తే, బంతిని కుడికి ఎంత తిప్పినా తెరమీది బాణం గుర్తు ఉన్నచోటే అదురుతుంది. తొమ్మిది పిన్నుల ప్లగ్గు చక్కగా దిగింది కనుక లోపలి అమరికా ఒకటేనని చాలామంది పొరబడతారు. 5 వోల్టుల సరఫరా 7వ పిన్నుకు, గ్రౌండు 8వ పిన్నుకు రెండింటిలోనూ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఆ తీగలను మాత్రం కదిలించకూడదు.