‘ఇంత చదివించి ఎండలో చైను లాగించాలా?’

ప్రశ్న: మాది కావలి. ఎరువుల అంగడి నడుపుతాను. మా అబ్బాయి నెల్లూరులో డిప్లొమా సివిల్ పూర్తి చేశాడు. డిప్లొమా వాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్‌లో ర్యాంకు కూడా ఫర్వాలేదు. కానీ పరీక్షలు అయినప్పటి నుంచి ఇళ్ల స్థలాలు కొలిచే ఒక ప్రైవేటు సర్వేయర్ వెంట సైట్లకు తిరుగుతున్నాడు. మా బావమరిది ‘చేయిస్తే డ్రోన్ సర్వే కోర్సు చేయించు, రేపంతా అదే’ అంటున్నాడు. మా ఆవిడ బీటెక్ చదవాల్సిందే అంటోంది. పక్కింటి పిల్లవాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు. ప్రభుత్వమే భూములన్నీ రీసర్వే చేసేస్తే ప్రైవేటు సర్వేయర్లకు ఇక పనేముంటుంది? ఇంత చదివించి ఎండలో చైను లాగించాలా? మూడు దారులూ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, పోల్చి చెప్తాను. దానికి ముందు ఒక మాట. మీ ఉత్తరంలో మీ బావమరిది మాట ఉంది, మీ ఆవిడ మాట ఉంది, పక్కింటి పిల్లవాడి ఉద్యోగం ఉంది. మీ అబ్బాయి ఏమంటున్నాడో ఒక్క ముక్క లేదు. సెలవుల్లో ఎవరూ లేపకుండానే పొద్దున్నే లేచి సైటుకు పోతున్న పిల్లవాణ్ణి ‘ఏరా, అక్కడ నీకేం నచ్చింది?’ అని ఒక్కసారైనా అడిగారా?

ఒంగోలు నుంచి, గూడూరు నుంచి, పొదిలి నుంచి ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తుంటాయి. డ్రోనా, బీటెక్కా అన్నది పైకి అడిగే ప్రశ్న. అసలు బాధ మీరే చివర్లో రాశారు, చైను అని. ‘మావాడు సర్వేయర్’ అని నలుగురిలో చెప్పుకోవడానికి మీకు నామోషీగా ఉంది. అది మీ టెన్షన్. పిల్లవాడి భవిష్యత్తు అన్న పేరు దానికి పెట్టకండి.

కొలిచే చైను ఇప్పుడు దాదాపు ఎవరూ లాగడం లేదు. దూరాలూ కోణాలూ కొలిచే టోటల్ స్టేషన్, ఎత్తులు చూసే ఆటో లెవెల్, ఉపగ్రహాల సాయంతో చోటు చెప్పే రోవర్ వచ్చాయి. అయినా చైను లాగిన రోజుల్లో కూడా అది తక్కువ పనేం కాదు. మన పక్కనున్న మద్రాసులో గిండీ ఇంజినీరింగ్ కాలేజీ 1794లో మొదలైంది సర్వే స్కూలుగానే. దేశమంతా కొలిచిన మహా త్రికోణమితి సర్వేకు 1802లో బ్రిటిష్ సర్వేయర్ లాంబ్టన్ మొదటి గీత కొలిచింది కూడా ఆ ఊళ్లోనే, సెయింట్ థామస్ మౌంట్ దగ్గర, చైనుతోనే.

మీ అబ్బాయి రోజూ పోయే చోట ఏం జరుగుతుందో మీకు తెలిసినట్టు లేదు. కాబట్టి చెప్తాను.

ఒకాయన నెల్లూరులో పాత లేఔట్‌లో స్థలం కొన్నాడనుకోండి. అమ్మినవాడు అంకణాల్లో చెప్పాడు. నెల్లూరు అంకణం అంటే 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు అదే పేరుతో అందులో సగమే ఇస్తారు. దస్తావేజులో గజాలుంటాయి. తండ్రి పేరు మీదున్న పాత కాగితంలో సెంట్లుంటాయి. అంతకన్నా పాత సర్వే కొలతల పుస్తకం ఎఫ్‌ఎంబీలో లింకులుంటాయి. లింకంటే 66 అడుగుల గొలుసులో నూరో వంతు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. మిషన్ మాత్రం మీటర్లలో చెప్తుంది. ఇన్ని లెక్కలనూ ఒకే నేల మీదికి తెచ్చి నిలబెట్టాలి. కాగితం మీద 33 అడుగులున్న వెడల్పు నేల మీద ముప్పై ఒకటిన్నరే వస్తే, తగ్గిన ఒకటిన్నర పక్కింటి ప్రహరీలోకి పోయిందా, రోడ్డులోకి పోయిందా, మొదట లేఔట్ వేసినప్పుడే తప్పు పడిందా అని వెతకాలి. ఆ వీధి చివరి నుంచి కొలుచుకుంటూ వస్తే గానీ తేలదు. సర్వే అంటే ఇదీ. మిషన్‌లో బటన్ నొక్కడం అందులో చిన్న భాగం.

తర్వాత ఎత్తు. ‘రోడ్డుకు రెండడుగులు లేపుదాం’ అంటాడు మేస్త్రి. ఏ రోడ్డుకు? దాని మీద రేపు ఇంకో పొర సిమెంటు పోస్తే? కాలువ ఏ వైపు వాలుగా ఉంది? 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరులో ఎవరి ఇళ్లలోకి నీళ్లు వచ్చాయో వాళ్లకు నేల నుంచి ఇంటి గచ్చుకు ఉండే ప్లింత్ ఎత్తు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఇల్లు మొదలుపెట్టకముందు ఆటో లెవెల్ పెట్టి చుట్టుపక్కల మట్టాలు తీసి, కదలని చోట ఒక బెంచ్‌మార్క్ గుర్తు పెట్టుకుంటే ఈ ప్రశ్నలన్నింటికీ అంకెల్లో జవాబుంటుంది.

ఆ పైన మార్కింగ్. మన మేస్త్రులు మూడు–నాలుగు–అయిదు లెక్కతో మూలమట్టం భలే పట్టుకుంటారు, కాదనను. కానీ మూల దగ్గర ఒక్క డిగ్రీ వంకర పోయిందంటే 60 అడుగుల పొడవు చివరికి వచ్చేసరికి దాదాపు ఒక అడుగు తేడా వస్తుంది. పిల్లర్ల గుంతలు తవ్వి కంకర పోశాక అది తెలిస్తే చేయగలిగేదేమీ లేదు. వదలాల్సిన ఖాళీ స్థలం తగ్గిపోతుంది, ప్లాన్‌కు తేడా వస్తుంది, బ్యాంకువాడు అడుగుతాడు. ఐమూలలు కొలిచి రెండూ సమానంగా వచ్చాకే సర్వేయర్ సరే అంటాడు.

ఇక ఎండ సంగతి. నిజమే, రోహిణి కార్తెలో మన దగ్గర సైటు మీద నిలబడటం సుఖం కాదు. అందుకే తెల్లవారగానే మొదలుపెడతారు. ఎండ ముదిరితే నేల మీది వేడికి కొలత గుర్తులున్న కర్ర (స్టాఫ్) మీద అంకెలు ఊగుతాయి, రీడింగ్ నమ్మలేం. మధ్యాహ్నం నుంచి ఆఫీసులో ఆటోక్యాడ్‌లో బొమ్మ గీసుకుంటారు. ఎరువుల బస్తాలు దింపించేటప్పుడు మీరూ ఎండలోనే నిలబడి ఉంటారు కదా, మీకు లేని నామోషీ వాడికెందుకు?

మీరు నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. పత్రికల్లో రాయని విషయం ఇది. సైటు దగ్గర టీ తెప్పించి, భుజం మీద చెయ్యి వేసి, ‘తమ్ముడూ, ఆ రాయి అరడుగు అటు జరిగితే ఏమైంది?’ అని అడిగేవాళ్లుంటారు. అడిగేవాడు ఒక్కోసారి ఊళ్లో పెద్దమనిషే. డబ్బులిచ్చేది ఆయనే. పక్క స్థలం వాళ్లేమో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఇరవై ఏళ్ల పిల్లవాడు ఆ మాటకు ‘కుదరదండీ’ అనగలడా? మీ అంగడిలో కాటా మీద మీరు చేసేదే వాడు నేల మీద చెయ్యాలి. తూకం తప్పితే ఒక బేరం పోతుంది, హద్దు తప్పితే రెండు కుటుంబాలు పాతికేళ్లు కోర్టుకు తిరుగుతాయి. కాబట్టి వాడు ఎవరి వెంట తిరుగుతున్నాడో కనుక్కోండి. ఆ సర్వేయర్ హద్దు తగాదా ఉన్న స్థలానికి వెళ్లినప్పుడు ‘నేను కొలిచి చూపిస్తాను గానీ హద్దు ఖాయం చేసే అధికారం నాది కాదు, హద్దు కొలత కోసం ఎఫ్‌–లైన్‌కు అర్జీ పెట్టి ప్రభుత్వ సర్వేయర్‌తో కొలిపించుకోండి’ అని చెప్పే మనిషైతే, మీవాడు మంచి చేతిలో పడ్డాడు. ‘నేను రాయి పాతేస్తా, ఎవడొస్తాడో చూద్దాం’ అనే మనిషైతే రేపే మాన్పించండి.

రీసర్వే అయిపోతే పనుండదన్న భయం చాలామందికి ఉంది. రాష్ట్రంలో 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. అది పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఒక్కో భూమి ముక్కకూ ఇచ్చే ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. అయితే భూమి అక్కడితో ఆగిపోతుందా? అన్నదమ్ములు పంచుకుంటారు, పావు ఎకరం అమ్ముతారు, పొలం ప్లాట్లవుతుంది, ప్లాటు రెండు ముక్కలవుతుంది. చాలాచోట్ల ఇద్దరు ముగ్గురి భూమి జాయింట్ ఎల్‌పీఎంగా పడి, విడదీయించుకోవడానికి జనం తిరుగుతున్నారు. కొత్త పటం వచ్చిందంటే దాన్ని చదివి చెప్పేవాడు కావాలి. ఇల్లు కట్టేవాడికి ప్లింత్ ఎత్తూ పిల్లర్ గుర్తూ ఏ రీసర్వే ఇవ్వదు. ఈ ఒక్క విషయంలో మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

ఇప్పుడు మీ బావమరిది గారి డ్రోన్. నాకు డ్రోన్ మీద కోపం లేదు. దాని చుట్టూ జరుగుతున్న కోర్సుల వ్యాపారం మీద అనుమానాలున్నాయి, దాచుకోను.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండి పది పాసైన వాళ్లెవరైనా గుర్తింపు పొందిన సంస్థలో కొద్దిరోజుల శిక్షణ తీసుకుని రిమోట్ పైలట్ సర్టిఫికెట్ సంపాదించొచ్చు. అది పదేళ్లు చెల్లుతుంది. గమనించండి, అర్హత పదో తరగతి. అది ఎగరేయడానికి అనుమతి. కొలవడం రావాలంటే వేరే చదువు కావాలి. డ్రోన్ తీసిన ఫొటోలు పటంగా మారాలంటే నేల మీద గుర్తులు పెట్టి, ఉపగ్రహాల సాయంతో కచ్చితంగా చోటు చెప్పే డీజీపీఎస్‌తో వాటి కోఆర్డినేట్లు తీయాలి. ఆ గుర్తు ఎక్కడ పెట్టాలో, వచ్చిన అంకెలో తప్పెంతో తెలిసినవాడే సర్వేయర్. మిగిలినవాడు డ్రోన్‌కు డ్రైవర్. డ్రైవర్ ఉద్యోగం తప్పు కాదు గానీ, మూడేళ్లు సివిల్ చదివినవాడికి అంతంత ఫీజు కట్టించి ఆ పనికి పంపడం ఏం లెక్క?

ఇళ్ల స్థలాల పనిలో అయితే దాని అవసరం ఇంకా తక్కువ. ఆరు సెంట్ల స్థలం, మధ్యలో వేపచెట్టు, పక్కన కొబ్బరిచెట్లు. పై నుంచి చూస్తే ఆకులు కనిపిస్తాయి. పక్కిల్లు చూస్తే స్లాబు అంచు, సన్‌షేడ్ కనిపిస్తాయి. గోడ నేలను ఎక్కడ తాకిందో కనిపించదు, తగాదా వచ్చేది అక్కడే. డ్రోన్‌కు సరైన పనులు వేరే ఉన్నాయి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఎంత తవ్వారో లెక్క తీయడం, రామాయపట్నం పోర్టు లాంటి పెద్ద పనులు, నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం లాంటి పొడవాటి పనులు. వాటిని సొంత మిషన్లూ సొంత మనుషులూ ఉన్న కంపెనీలు తీసుకుంటాయి. గ్రామకంఠాల కోసం 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో కూడా డ్రోన్లు ఎగిరాయి, ఆ ఊరి పని అయిపోగానే ఎగరేసినవాళ్లు బ్యాగు సర్దుకున్నారు. ఊళ్లో మిగిలి జనానికి జవాబు చెప్పుకుంటున్నది గ్రామ సర్వేయరే.

‘నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ’ అని బ్యానర్ కట్టిన సంస్థకు మీరు అడ్వాన్సు కట్టారో లేదో నాకు తెలియదు. కట్టకపోతే ఆగండి. మీవాడు రెండేళ్లు సైట్ల మీద నలిగాక, పని చేసే చోట డ్రోన్ అవసరం పడితే అప్పుడు వాడే నేర్చుకుంటాడు. అప్పటికి దానితో ఏం చెయ్యాలో తెలిసి ఉంటుంది కాబట్టి ఆ కోర్సు పనికొస్తుంది.

మూడు దారుల పోలిక అడిగారు కదా. డ్రోన్ సంగతి అయింది. బీటెక్ గురించి మీ ఆవిడ చెప్పింది తప్పు కాదు. ఈసెట్‌తో నేరుగా రెండో ఏడాదిలో చేరతాడు, చదువు ఉన్నకొద్దీ పై ఉద్యోగాలకు అర్హత పెరుగుతుంది, ఇళ్ల ప్లాన్లు గీసి అనుమతికి పెట్టే ఎల్‌టీపీ లైసెన్సులోనూ చదువును బట్టే పరిధి ఉంటుంది. అయితే కంప్యూటర్ బ్రాంచిలోకి మార్పించాలని మాత్రం చూడకండి. మూడేళ్ల సివిల్‌ను గట్టున పెట్టించి పక్కింటి పిల్లవాడితో పరుగు పెట్టిస్తే వాడు రెండింటికీ కాకుండా పోతాడు. చదువు మానేసి సర్వే పనిలోనే ఉంటానన్నా ఆకాశం విరిగి పడదు. 2019లో సచివాలయాలకు గ్రామ సర్వేయర్లను తీసుకున్నప్పుడు డిప్లొమా సివిల్ వాళ్లూ అర్హులే. ప్రైవేటులో మొదట జీతం తక్కువ, ఆ మాట దాచను. పేరు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. వచ్చాక మాత్రం కావలి లాంటి ఊళ్లో పని వెతుక్కుంటూ పోనక్కర్లేదు. టోటల్ స్టేషన్ కొనిస్తానని మీరు ఆవేశపడకండి, అది లక్షల్లో ఉంటుంది. రోజు అద్దెకు దొరుకుతుంది, మొదట్లో అది చాలు.

ఈసెట్ సీటు నెల్లూరు చుట్టుపక్కల గానీ ఒంగోలులో గానీ వస్తే చేర్పించండి. కావలి నుంచి రెండు వైపులకూ రైళ్లున్నాయి. ఆదివారాలు వాడు సైటుకు పోతానంటే పోనివ్వండి. చేర్పించే ముందు ఆ కాలేజీ సర్వే ల్యాబ్‌లో టోటల్ స్టేషన్ పిలకాయల చేతికిస్తారా, బీరువాలో పెట్టి తాళం వేస్తారా అని సీనియర్లను కనుక్కోండి. ఎక్కడో దూరంగా సీటు వచ్చి వాడికి ఇష్టం లేకపోతే బలవంతం చేయొద్దు. ఈసెట్ వచ్చే ఏడాదీ ఉంటుంది. ఈ ఏడాది అక్కడే పని చేస్తాడు, కానీ ఉత్తినే కాదు. నెలకింత అని జీతం మాట్లాడుకోవాలి. ఆ మాట వాణ్ణే మాట్లాడుకోనివ్వండి, మీరు వెంట వెళ్లకండి.