కొలబద్ద దాటితే సరిపోదు

చిరంజీవి అమ్మలూ,

నువ్వు పంపిన డిస్నీ వరల్డ్ రైడ్ల లిస్టు అందింది. పక్కన అల్లుడు పెట్టిన టిక్కులూ చూశాను. వాటిలో సగం బుజ్జిగాడి కోసం కాదు, తనకి ఎక్కాలని ఉండి పెట్టినవేనని ఇట్టే తెలిసిపోతోంది. ఉండనీలే, అంత దూరం నుంచి వస్తున్నప్పుడు పెద్దవాళ్ళకి మాత్రం ముచ్చట ఉండదా? కాకపోతే నువ్వడిగింది, నాలుగేళ్ళ పిల్లవాణ్ణి వీటిలో ఏవి ఎక్కించొచ్చు, ఏవి వద్దు అని. అమెరికాలో ఈ ఓర్లాండోలో కాపురమున్న పుణ్యాన, వేసవి వచ్చిందంటే చుట్టాల పిల్లల్ని వెంటేసుకుని డిస్నీ వరల్డ్‌లో తిరగడమే నా పనైపోయింది కనక, చూసినంతలో రాస్తున్నాను. అక్కడి నిబంధనలు అప్పుడప్పుడూ మారుస్తుంటారు. బయల్దేరే ముందు వాళ్ళ ఆప్‌లో ఒకసారి సరిచూసుకో.

ముందు ఎత్తు సంగతి తేల్చుకోవాలి. మీ రావిర్యాల వండర్లాలో టికెట్టే ఎత్తు చూసి ఇస్తారు. ఇక్కడ అలా కాదు, టికెట్టుకి వయసు, రైడుకి ఎత్తు. మూడేళ్ళు నిండనివాళ్ళకి టికెట్ అక్కర్లేదు, మూడు నుంచి తొమ్మిది దాకా పిల్లల టికెట్. టికెట్ కొన్నాం కదా అని అన్నిటిలోకీ రానివ్వరు. అందుకని ఇంట్లోనే వాణ్ణి చెప్పుల్లేకుండా గోడకి మడమలు ఆనించి నిలబెట్టి, నెత్తిమీద అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి కొలువు. పొద్దున్నే కొలిస్తే కాస్త ఎక్కువే వస్తుంది, సాయంత్రం కొలువు.

నువ్వు చెప్పిన 99 సెంటీమీటర్లు సరైనదైతే, దాదాపు 39 అంగుళాలు. అంటే డిస్నీ వరల్డ్ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 35 అంగుళాలు అడిగే బార్న్‌స్టార్మర్, 38 అడిగే సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్, హాలీవుడ్ స్టూడియోస్‌లో 38 అడిగే స్లింకీ డాగ్ డ్యాష్ వాడికి కుదురుతాయి. 40 అడిగే టియానాస్ బయూ అడ్వెంచర్, సోరిన్, టవర్ ఆఫ్ టెర్రర్ కుదరవు. 44 అడిగే స్పేస్ మౌంటెన్, 48 అడిగే ట్రాన్ ఊసు ఇప్పుడు అనవసరం. ఒక అంగుళం తేడాలో ఉన్న రైడ్ల పేరు మాత్రం వాడి ముందు ఎత్తొద్దు. నెలరోజులు ఊరించాక, తీరా గేటు దగ్గర కొలిచి వెనక్కి పంపితే వాడి ఏడుపు ఆపడం మన తరం కాదు.

"అంగుళమే కదా, బూటులో అట్టముక్క పెడితే సరి" అనే మహానుభావుడు ప్రతి చుట్టాల గుంపులోనూ ఒకడుంటాడు. ఒప్పుకోకు. సీట్లో కూర్చున్నాక ఒళ్ళోకి దిగే బార్ ఉంటుంది చూడు, అది తొడల మీద బిగిసి నడుము దగ్గర మనిషిని పట్టి ఉంచాలి. పిల్లవాడు మరీ చిన్నగా ఉంటే బార్ కింద నుంచి జారిపోయేంత సందు మిగిలిపోతుంది. ఇద్దరికీ కలిపి ఒకటే బార్ ఉన్నచోట మరీను. పక్కనున్న పెద్దమనిషి తొడకి తగలగానే అది ఆగిపోతుంది, పిల్లవాడి దాకా దిగదు. పైగా ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ, మెడలో ఇంకా బలం ఉండదు. నీకూ నాకూ లెక్కలోకి రాని కుదుపుకే వాడి మెడ ఊగిపోతుంది. చెవిపోటు, ఫిట్స్, ఈమధ్యే అయిన ఆపరేషన్ లాంటివి ఏమైనా ఉంటే ఎత్తు సరిపోయినా సరే, మీ పిల్లల డాక్టర్‌ని అడక్కుండా ఎక్కించొద్దు.

సరే, ఎత్తు సరిపోయిందనుకో. వాడు జడుసుకుంటాడా లేదా అన్నది ఇంకా తేలలేదు. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. హాంటెడ్ మాన్షన్‌కి ఎత్తు పరిమితే లేదు, చంటిపిల్లల్ని కూడా తీసుకెళ్ళొచ్చు. బండి నెమ్మదిగానే నడుస్తుంది. కానీ బండి దాకా వెళ్ళకముందే అందర్నీ ఒక గదిలో నిలబెట్టి తలుపులు మూసేస్తారు. గోడలు పైకి సాగిపోతుంటాయి, దీపాలు ఆరిపోతాయి, ఉరుము, ఒక కెవ్వుకేక, పైకి చూస్తే వేలాడుతున్న శవం. చీకట్లో పెద్దవాళ్ళ కాళ్ళ మధ్య నిలబడ్డ పిల్లవాడికి అంతటితో సరి, ఆ తర్వాత ఎంత మెత్తటి బండి ఎక్కించినా ఒకటే. పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్‌కీ ఎత్తు అడగరు. పడవ హాయిగా పోతూపోతూ చీకట్లో ఒక్కసారి కిందికి జారుతుంది. ఎప్కాట్‌లో ఎల్సా బొమ్మ చూసి ఆడపిల్లలంతా ఎగబడే ఫ్రోజెన్ ఎవర్ ఆఫ్టర్‌లో పడవ వెనక్కి నడిచి, ఆనక జారుతుంది. ఇక టవర్ ఆఫ్ టెర్రర్ అడిగేది 40 అంగుళాలే, స్పేస్ మౌంటెన్ కన్నా తక్కువ. లోపలేమో పాడుబడ్డ హోటల్, దయ్యాల కథ, 13 అంతస్తుల ఎత్తు నుంచి పడే లిఫ్టు. వచ్చే ఏటికి వాడు ఆ కొలత దాటేస్తాడు. దాటాడు కదా అని అప్పుడైనా ఎక్కించేయొద్దు.

మరి తెలుసుకునేదెలా అంటావా? వాణ్ణి నేను చూసేది వీడియో కాల్‌లో, నువ్వు చూసేది రోజంతా. సినిమా హాల్లో లైట్లు ఆరగానే నీ ఒళ్ళోకి వచ్చేస్తాడా, పాప్‌కార్న్ తింటూ కూర్చుంటాడా? ఒళ్ళోకి వచ్చే పిల్లవాడికి చీకటి రైడ్లు ఒక ఏడాది ఆపొచ్చు. కుక్కర్ విజిల్‌కి చెవులు మూసుకునేవాడైతే చెవుల మీద పెట్టే ఇయర్‌మఫ్స్ కొని సంచిలో వేసుకో, నా దగ్గర ఉన్నవి ఇప్పుడు వాడికి చిన్నవి. పార్కులో ఉయ్యాల ఊపుతుంటే "ఇంకా గట్టిగా" అంటాడా, గొలుసు గట్టిగా పట్టుకుని మాట మానేస్తాడా అన్నది మరీ ముఖ్యం. కిందికి వచ్చేటప్పుడు పొట్టలో జిల్లుమనడం కొందరికి సరదా, కొందరికి నరకం. అది పెంపకాన్ని బట్టి వచ్చేది కాదు.

తిరుమల ఘాట్ రోడ్డులో రెండుసార్లు వాంతి చేసుకున్నాడని మీ అమ్మ చెప్పింది. రెండేళ్ళు దాటినప్పటి నుంచి పన్నెండేళ్ళ దాకా పిల్లలకి ఈ తిప్పుడు బాధ ఎక్కువే. కాబట్టి మిలీనియం ఫాల్కన్ అనే స్టార్ వార్స్ రైడు పక్కన అల్లుడు పెట్టిన టిక్కు కొట్టేయ్. 38 అంగుళాలకి రానిస్తారు, నిజమే. కానీ అందులో గది కుదుపుతూ ఉంటే ఎదుట తెర మీద లోకమంతా గింగిరాలు తిరుగుతుంది, ఘాట్ రోడ్డు పిల్లలకి అస్సలు పడదు. టీ కప్పుల రైడులో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. కప్పు మధ్యలో ఒక చక్రం ఉంటుంది, దాన్ని మనం తిప్పితేనే కప్పు బొంగరమవుతుంది. ఎవరూ చెయ్యి వేయకపోతే మెల్లగానే తిరుగుతుంది. అల్లుణ్ణి చేతులు కట్టుకుని కూర్చోమను. పులిహోర తినిపించి వెంటనే ఎక్కించకు. మందు వేయాలనుకుంటే ఇక్కడికి వచ్చాక షాపులో కొనొద్దు, ముందే మీ డాక్టర్‌ని అడిగి తెచ్చుకో.

మొదలుపెట్టేది డంబోతో, అంటే గుండ్రంగా తిరిగే ఏనుగుల రైడుతో. ఏనుగు సీట్లో ముందర ఒక మీట ఉంటుంది, దాంతో ఏనుగుని పైకీ కిందికీ నడపొచ్చు. దాన్ని వాడి చేతికే ఇచ్చి నువ్వు ఊరుకో. మొదట నేలకి ఆనుకునే తిరుగుతాడు. తిరగనీ. రెండో రౌండులోనో మూడో రౌండులోనో తనంతట తనే పైకి లేపితే నీకు సగం జవాబు దొరికినట్టే. అక్కడికి దగ్గర్లోనే బార్న్‌స్టార్మర్. పిల్లల రోలర్ కోస్టర్, నిమిషంలో అయిపోతుంది, పట్టా మొత్తం బయటి నుంచే కనబడుతుంది. వెంటనే లైనులో దూరిపోవద్దు. బయట నిలబడి మూడు నాలుగు బండ్లు పోనియ్. దిగివచ్చే పిల్లల మొహాలు వాడికి కనిపించే చోట నిలబడు. "భయంగా ఉందా?" అని మాత్రం అడగొద్దు, అడిగితే లేని భయం కూడా వస్తుంది. "ఏం చేద్దాం?" అని అడిగి నోరు మూసుకో.

అది దిగి "మళ్ళీ" అంటే సెవెన్ డ్వార్ఫ్స్ గురించి ఆలోచించొచ్చు. దాంట్లో గని బండ్లు పరిగెత్తుతూనే ఉయ్యాలలా పక్కలకి ఊగుతాయి, సగం కొండ లోపల ఉంటుంది కనక బయటి నుంచి అంతా కనబడదు, లోపల వజ్రాలు తవ్వే మరుగుజ్జులు మాత్రం పిల్లలకి భలే నచ్చుతారు. దిగి ఏమీ మాట్లాడకుండా నీ వేలు పట్టుకుని నడిస్తే ఆ రోజుకి చాలు. స్లింకీ డాగ్ పేరు చూసి పిల్లల బండి అనుకునేరు, మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి ఒక్క ఉదుటున ముందుకి దూకుతుంది. దాన్ని సెవెన్ డ్వార్ఫ్స్ తర్వాతే పెట్టుకో. ఏ కోస్టర్ అయినా చివరి వరసలో కూర్చోబెట్టకు, దిగుడులో వెనక బండిని లాగేస్తుంది. ముందు వరసో మధ్యదో ఇమ్మని అడిగితే చాలాసార్లు ఇస్తారు, కాసేపు ఎక్కువ నిలబడాలి అంతే.

యూట్యూబ్‌లో ప్రతి రైడుకీ వీడియో ఉంది, ఇంట్లోనే చూపించు. కాకపోతే వీడియోలో చీకటి కనిపిస్తుంది కానీ పొట్టలో జిల్లు తెలియదు, అది నోటితో చెప్పాలి. "ఏమీ ఉండదు నాన్నా" అని ఎక్కించే తల్లులంటే నాకు ఒళ్ళుమంట. ఉన్నది ఉన్నట్టు చెప్పు: చీకటి వస్తుంది, ఒక్కసారి కిందికి జారుతుంది, నేను పక్కనే ఉంటాను, ఒక పాట అయ్యేలోపు దిగిపోతాం. అలా చెప్పాక కూడా వద్దంటే వద్దు. వేసవిలో సెవెన్ డ్వార్ఫ్స్ లైను గంట దాటడం మామూలే. అంతసేపు నిలబడ్డాక, బండి ముందుకొచ్చిన క్షణంలో వాడు నీ కాళ్ళు చుట్టుకున్నాడనుకో, మొహమాటపడకు. బండి పక్కనే బయటికి దారి ఉంటుంది, అక్కడి పనివాళ్ళకి ఇది రోజూ ఉండేదే, నవ్వుతూ పంపించేస్తారు. "ఇంత డబ్బు పోసి వచ్చింది ఇందుకా", "మగపిల్లాడివి కాదూ", "మీ అక్క ఎక్కింది చూడు" — ఈ మాటలు మీ నాన్న నోట వస్తాయి, నాకు తెలుసు. ఆయనకి ముందే చెప్పి ఉంచు. నా మాటగా చెప్పినా సరే.

ఒకవేళ ఎక్కాక మధ్యలో కేకలు పెడితే ఆపడం ఎవరివల్లా కాదు. బెల్టు కింద నుంచి వాణ్ణి లాగి ఒళ్ళో పెట్టుకోవాలని చూడొద్దు, ప్రమాదమంతా అక్కడే. కళ్ళు మూసుకోమను, చెయ్యి పట్టుకుని వాడి పాట ఏదైనా గట్టిగా పాడు. ఫోన్ లోపల పెట్టు, వాడి ఏడుపు వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే నేను ఊరుకోను.

వేళ కూడా చూసుకో. పొద్దున తొమ్మిదికి సై అన్న రైడునే మధ్యాహ్నం మూడింటికి వద్దంటాడు. ఎండ, నడక, నిద్ర. జూన్‌లో మధ్యాహ్నమైతే ఇక్కడ ఉరుములు మామూలే, పిడుగుల భయం ఉంటే బయటి రైడ్లు ఆపేస్తారు. కొత్తవన్నీ పొద్దున్నే పెట్టుకుని, మధ్యాహ్నానికి వాణ్ణి ఇంటికి తెచ్చి పడుకోబెట్టు. అన్నట్టు, వాణ్ణి మీ అక్క కూతురితో పంపేద్దామనుకోకు. ఏడేళ్ళ లోపు పిల్లల పక్కన పద్నాలుగు నిండినవాళ్ళు ఉండాల్సిందే, ఆ పిల్లకి పన్నెండే కదా.

ఊళ్ళో జాతరలకీ నుమాయిష్‌కీ వెళ్ళినప్పుడు కొలబద్ద పట్టుకుని అడిగేవాడు ఉన్నా లేకపోయినా, నీ కళ్ళే చూసుకోవాలి. రాట్నం తిప్పేవాడు ప్రతి సీటు దగ్గరికీ వచ్చి గడియ లాగి చూస్తున్నాడా? పిల్లల్ని ఒళ్ళో పెట్టుకోమంటున్నాడా? రెండోది జరుగుతుంటే వాణ్ణి ఎత్తుకుని మిరపకాయ బజ్జీల దగ్గరికి వెళ్ళిపో.

ఇక నీ అసలు దిగులు, వాడు ఎక్కకపోతే మీ ఇద్దరిలో ఒకరు అన్నీ వదులుకోవాలా అని. అక్కర్లేదు. ఎత్తు పరిమితి ఉన్న రైడ్లలో రైడర్ స్విచ్ అని ఉంది. లైను మొదట్లోనే అక్కడివాళ్ళకి చెబితే ఒకరు ఎక్కి వస్తారు, రెండోవాళ్ళు పిల్లవాడితో బయట ఉంటారు, తర్వాత ఆ రెండోవాళ్ళని మొత్తం లైను మళ్ళీ నిలబెట్టకుండా పంపుతారు. మీరొచ్చిన రోజు నేనూ వస్తాను కాబట్టి ఆ అవసరం కూడా ఉండదు. నువ్వూ అల్లుడూ కలిసి టవర్ ఆఫ్ టెర్రర్ ఎక్కి రండి, వాడూ నేనూ ఐస్‌క్రీమ్ తింటాం. యానిమల్ కింగ్‌డమ్‌లో సఫారీ ట్రక్కుకి ఎత్తు అడగరు, జిరాఫీలు రోడ్డు పక్కనే నిలబడి ఉంటాయి. మీ అమ్మానాన్నల్ని కూడా దాంట్లోనే ఎక్కిద్దాం.

వాడికి స్లిప్పర్లు వేయకు, వెనక పట్టీ ఉన్న శాండల్స్ తీసుకురా. ఒక జత బట్టలు, నాలుగు ప్లాస్టిక్ కవర్లు నీ చేతిసంచిలోనే ఉండాలి. కొలిచాక ఎత్తు ఎంత వచ్చిందో నాకు మెసేజ్ పెట్టు, దాన్నిబట్టి ఏ రోజు ఏ పార్కుకో నేను చూస్తాను.

నీ
పెద్దమ్మ