మొదటి రిహార్సల్‌కు ముందు స్కోరు ఎలా చదవాలి?

నమస్కారమండీ. క్రిస్మస్‌కు విశాఖలో మీ చర్చి బృందం చేత హాండెల్ స్వరపరచిన ‘హల్లెలూయా’ పాడిస్తున్నానని, నౌకాదళ బ్యాండులో పనిచేసి రిటైరైన ఇద్దరు ట్రంపెట్ వాయిస్తారని రాశారు. స్కోరు, అంటే అన్ని గొంతుల, వాయిద్యాల స్వరాలనూ ఒకదాని కింద ఒకటిగా రాసిన పుస్తకం, తెరిస్తే ఇన్ని వరుసల్లో చూపు ఎక్కడ నిలపాలో తెలియడం లేదన్నారు.

ముందుగా, కొన్నాళ్ళు రికార్డింగులు వినకండి. వింటే ఇంకొకరి వేగం మీ చేతికి అలవాటైపోతుంది. పెన్సిల్ తీసుకుని పాట మలుపు తిరిగే చోట్లన్నీ గుర్తించండి. తర్వాత నాలుగు గొంతుల వరుసలనూ మీరే పాడండి, బేస్‌తో (మగవారి కింది గొంతు) సహా. విసుగనిపించినా వదలకండి. మీరు తడబడిన చోటే చాలావరకు బృందమూ తడబడుతుంది.

‘ఆయన యుగయుగములు ఏలును’ అనే పాదం దగ్గర ఎక్కువసేపు ఆగండి. దాన్ని మొదట బేస్, ఆపైన టెనర్ (మగవారి పై గొంతు), ఆల్టో (ఆడవారి కింది గొంతు), చివరికి సొప్రానో (ఆడవారి పై గొంతు) అందుకుంటాయి. ఎవరి వంతు వస్తుందో వారి వైపు ఒక బీటు ముందే మీ చూపు వెళ్ళాలి. ఇంట్లో గొంతుకొకటి చొప్పున నాలుగు కుర్చీలు వేసుకుని సాధన చేయండి, సిగ్గుపడాల్సిన పని లేదు!

చివరి ‘హల్లెలూయా’కు ముందు అందరూ ఒక్కసారిగా ఆగిపోతారు. ఆ నిశ్శబ్దంలోకి ఎవరో ఒకరు ఆత్రంగా దూకేస్తారు. అక్కడ మీ చెయ్యి ఎలా నిలుస్తుందో, మళ్ళీ ఎలా లేస్తుందో ముందే తేల్చుకోండి.

ఇక ట్రంపెట్లు. పాట డి మేజర్ అనే స్వరశ్రేణిలో ఉంది. వారివి బి ఫ్లాట్ ట్రంపెట్లయితే రాసినదానికంటే ఒక పూర్తి స్వరం కిందుగా పలుకుతాయి, కాబట్టి వారి కాగితాలు ఇ మేజర్‌లో ఉండాలి. వాటిని ఈ వారమే సరిచూడండి.