వేడెక్కని ఇంజను, దిగని ఐడ్లింగ్

ప్రశ్న: మేస్త్రి గారూ, ఆరు నెలల క్రితం 2018 మోడల్ బీఎస్-4 పది చక్రాల లారీని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. చీమకుర్తి క్వారీల నుంచి కృష్ణపట్నం పోర్టుకు గ్రానైట్ రాళ్ళు తోలుతున్నాను. పొద్దున స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్ (యాక్సిలేటర్ తొక్కకుండా ఇంజను తిరిగే వేగం) నిమిషానికి 950 చుట్ల దగ్గర నిలబడుతుంది. ఒంగోలు దాటి నెల్లూరు చేరినా 900 కంటే దిగదు. మా బావగారికి ఇదే రకం బండి ఉంది, అది 650లో ఆడుతుంది. మైలేజీ కూడా లీటరుకు అర కిలోమీటరు పడిపోయింది. టెంపరేచర్ ముల్లు మాత్రం ఎప్పుడూ కిందనే ఉంటుంది, ఆ విషయంలో అదృష్టవంతుణ్ణే. ల్యాప్‌టాప్ పెట్టి ఐడ్లింగ్ తగ్గిస్తానని ఒకతను మూడు వేలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?
– ఒక లారీ యజమాని, చీమకుర్తి

జవాబు: మూడు వేలు జేబులోనే ఉంచుకోండి. మీరు అదృష్టం అనుకుంటున్న ఆ ముల్లులోనే ఉంది జబ్బు.

పాత పంపు బండ్లలో అయితే యాక్సిలేటర్ కేబుల్ పట్టేసిందా, స్ప్రింగు సాగిందా, పంపు మీది స్క్రూ ఎవరైనా తిప్పారా అని చూసేవాళ్ళం. మీ బండిలో డీజిల్ ఎంత పోయాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఇంజను చల్లగా ఉంటే అదే కావాలని ఐడ్లింగ్ పెంచి, నీళ్ళు వేడెక్కాక దింపుతుంది. మీ ఇంజను ఇంకా వేడెక్కలేదనే అది నమ్ముతున్నట్టుంది.

నా మొదటి అనుమానం థర్మోస్టాట్ మీద, అంటే ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వు మీద. దాన్ని ఎవరో పీకేసి ఉంటారు. రోహిణి కార్తెలో బండి హీటెక్కితే ముందు థర్మోస్టాట్ తీసి పారేయడం మన వైపు పాత అలవాటు. ఎవరినో అనడం ఎందుకు, నెల్లూరులో షెడ్డు పెట్టిన కొత్తలో నేనూ చాలా పీకాను. మట్టి పట్టిన రేడియేటర్‌ను కడిగే ఓపిక లేక చేసిన పని అది. రెండో అనుమానం టెంపరేచర్ సెన్సార్, లేదా దాని వైరు. చాలా బండ్లలో ముల్లు కూడా ఆ సెన్సార్ చెప్పిందే చూపిస్తుంది కాబట్టి ముల్లును చూసి ఏ సంగతీ తేల్చలేం.

చేత్తో తేల్చవచ్చు. రాత్రంతా ఆగి ఉన్న బండిని స్టార్ట్ చేసి, రేడియేటర్ పై హోసును మధ్యమధ్య ముట్టుకుని చూడండి. ఫ్యానుకు, బెల్టులకు చెయ్యీ భుజం మీది తువ్వాలూ దూరంగా ఉండాలి. థర్మోస్టాట్ ఉంటే హోసు చాలాసేపు చల్లగానే ఉండి, నీళ్ళు 80 డిగ్రీల ప్రాంతానికి వచ్చాక గబుక్కున వేడెక్కుతుంది. లేకపోతే మొదటి నుంచీ నెమ్మదిగా గోరువెచ్చనవుతూ వస్తుంది. థర్మోస్టాట్ ఉన్నా తెరుచుకుని ఇరుక్కుపోతే ఇదే తీరు.

హోసు సక్రమంగా కాలుతున్నా ముల్లు లేవకపోతే అప్పుడు సెన్సార్‌ను పట్టుకోండి. స్కానర్ పెట్టించి, నీళ్ళ వేడి ఎంత చూపిస్తోందో అడగండి. వైరు తెగితే కొన్ని బండ్లలో మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తుంది. చీమకుర్తిలో మైనస్ 40!

ల్యాప్‌టాప్‌తో దిగేది అంకె ఒక్కటే. లోపల నిజంగా చల్లగా ఉన్న ఇంజను చల్లగానే ఉంటుంది. డీజిల్ సరిగా కాలదు, కొంత ఆయిల్లోకి దిగుతుంది, లైనర్లు (పిస్టన్లు ఆడే గొట్టాలు) త్వరగా అరుగుతాయి. మీ మైలేజీ పోయిన దారి కూడా అదే కావచ్చు.

కొత్త థర్మోస్టాట్ కొనేటప్పుడు ఇంజను నంబరు చెప్పి అడగండి. ఎన్ని డిగ్రీలకు తెరుచుకుంటుందో దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. అది వేశాక బండి హీటెక్కితే మాత్రం మళ్ళీ పీకవద్దు. పాత యజమాని దేన్ని దాచి అమ్మాడో అప్పుడు బయటపడినట్టు. రేడియేటర్, వాటర్ పంపు విప్పించి చూడండి.

ప్రశ్న: ఏసీ వేయగానే మా లారీ ఐడ్లింగ్ 650 నుంచి 750కి పోతోంది. దోషమా?
– ఒక డ్రైవరు, కావలి

జవాబు: కాదు. కంప్రెసర్ బరువు మోయడానికి కంప్యూటరే పెంచుతుంది. ఏసీ ఆపాక కూడా దిగకపోతే రాయండి.