పదేళ్ల లాబ్రడార్ నాలుక కింద గడ్డ: సమాధానం

మీ పదేళ్ల లాబ్రడార్ కుక్కకు నాలుక కింద గడ్డ వచ్చిందని, నెత్తుటి చొంగ కారుతోందని, యాంటీబయాటిక్ వాడినా తగ్గలేదని అడిగారు. నెత్తుటి చొంగ, యాంటీబయాటిక్‌కు లొంగని గడ్డ అంటే ముందు అనుమానించవలసింది కణితినే. ఈ వయసులో నాలుకకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో ఒకటి స్క్వామస్ సెల్ కార్సినోమా (పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్). కుక్కపిల్లల్లో వచ్చే పులిపిర్లయితే చాలావరకు వాటంతట అవే రాలిపోతాయి. మీది ఆ కోవలోది కాదు.

చాలామంది దాటవేసేది బయాప్సీ, అంటే గడ్డలోంచి ముక్క తీసి పరీక్షించడం. కంటితో చూసి ఏ డాక్టరూ తేల్చలేరు, మందులు మారుస్తూ పోతే కాలం వృథా.

1. మత్తు ఇచ్చి నాలుక ఎత్తి అడుగంతా చూడమనండి. దారం చుట్టుకున్నా అక్కడ వాస్తుంది.
2. అదే మత్తులో చిన్న ముక్క తీయించి హిస్టోపాథాలజీకి (కణాలను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షకు) పంపండి. అంతవరకు స్టెరాయిడ్ వద్దు, కొన్ని కణితుల్లో ఫలితం తారుమారవుతుంది.
3. క్యాన్సర్ పాకిందేమో తెలియడానికి దవడ కింది లింఫు గ్రంథుల నుంచి సూదితో నమూనా, ఛాతీ ఎక్స్‌రే తీయించండి.

గడ్డ నాలుక ముందు భాగంలో ఉంటే కోసి తీయడం సులువు. కొంత నాలుక పోయినా కుక్కలు తినడం, తాగడం మళ్లీ నేర్చుకుంటాయి.