మావోడు అక్కడ ఏటి సేస్తాడమ్మా?

సెలవులకి శ్రీకాకుళం వచ్చి పది రోజులైంది. అమెరికాలో టీచరు ఉద్యోగం అంటే మన ఊరు జూన్, జూలైల్లోనే కనిపిస్తుంది, సంక్రాంతి ఎప్పుడూ దొరకదు. మొన్న ఆదివారం చీపురుపల్లి వైపు నుంచి ఒక జంట మా ఇంటికొచ్చారు, మా పిన్ని వాళ్లకి తెలిసినవాళ్లు. అమ్మాయి బీఎస్సీ, బీఈడీ. విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లుగా లెక్కలు చెబుతోంది. నేనుండే నార్త్ కరోలినాలోనే ఒక ప్రభుత్వ బడిలో ఏడో తరగతికి లెక్కల టీచరుగా జె-1 వీసా (విదేశీ టీచర్లు కొన్నేళ్లు వచ్చి చెప్పి వెళ్లడానికి ఇచ్చేది) మీద ఉద్యోగం వచ్చింది, ఇంకో మూడు వారాల్లో ప్రయాణం. అబ్బాయి ఒక ఫైనాన్స్ కంపెనీలో పని చేస్తున్నాడు, వచ్చే నెల మానేస్తాడట. పెళ్లయి పద్నాలుగు నెలలు. వెంట అబ్బాయి వాళ్లమ్మ కూడా వచ్చారు.

అమ్మాయి నోట్‌బుక్కులో ఇరవై ఆరు ప్రశ్నలు నెంబర్లు వేసి మరీ రాసుకొచ్చింది. నేను ఒక్కోటీ చెబుతుంటే టిక్ పెట్టుకుంటోంది. పెద్దావిడ అంతసేపూ ఏమీ మాట్లాడలేదు. చివర్న కాఫీ గ్లాసు కింద పెట్టి, "అంతా బాగానే ఉందమ్మా, మావోడు అక్కడ ఏటి సేస్తాడు?" అన్నారు. ఆ ఇరవై ఆరు ప్రశ్నల్లో ఇది లేదు. నాకు తెలిసి మొదటి ఏడాది ఇల్లు నిలబడేదీ తడబడేదీ కూడా దీని మీదే. ఇలాంటి జంటలు ఈ మధ్య చాలామంది వస్తున్నారు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆవిడతో నేనన్నది ఇది: మీ అబ్బాయి వంట చేస్తాడు, కారు నడుపుతాడు, అద్దె కడతాడు, పొద్దున్నే ఆరింటికి కోడలికి లంచ్ బాక్స్ పెడతాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది, అబ్బాయి నవ్వాడు. వేళాకోళానికి అనలేదు. ఈసారి వీసా అమ్మాయిది, జీతం అమ్మాయిది, అతను జె-2 (జె-1 వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఆమె వెనకాల వెళుతున్నాడు. మన పెళ్లిళ్లలో ఇన్నాళ్లూ ఇది తిరగేసి జరిగింది, అప్పుడెవరూ "మా అమ్మాయి అక్కడ ఏం చేస్తుంది" అని అడగలేదు. నన్నూ అడగలేదు. 2006లో మా ఆయన వెనకాల హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి భార్యకి ఇచ్చే వీసా మీద వెళ్లాను. నరసన్నపేటలో మూడేళ్లు లెక్కలు చెప్పినదాన్ని, అక్కడ తొమ్మిదేళ్లు ఇంట్లో కూర్చున్నాను, ఎందుకంటే హెచ్-4 మీద పని చెయ్యడానికి అప్పట్లో లేదు. 2015 మేలో, భర్త గ్రీన్‌కార్డు పని కొంత దూరం నడిచి ఉంటే హెచ్-4 వాళ్లకీ అనుమతి ఇవ్వడం మొదలుపెట్టాక, ముందు సబ్‌స్టిట్యూట్ టీచరుగా చేరి, టీచరు లైసెన్సు తెచ్చుకుని, ఇప్పుడు మిడిల్ స్కూల్లో చెబుతున్నాను. కాబట్టి ఇంట్లో ఎదురుచూసే మనిషి సంగతీ నాకు తెలుసు, బడి నుంచి పీల్చి పిప్పయి వచ్చే మనిషి సంగతీ తెలుసు.

ఆ తొమ్మిదేళ్లూ ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే నేను మాటలు మొదలుపెట్టేదాన్ని, పొద్దుట్నించీ మనిషి ముఖం చూడలేదు మరి. ఆయనకేమో వినే ఓపిక ఉండేది కాదు. పట్టించుకోడని ఏడ్చిన రాత్రులు ఉన్నాయి. తర్వాత నేనే టీచరునయ్యాక, సాయంత్రం ఇంటి ముందు కారాపి, దిగకుండా పావుగంట అందులోనే కూర్చునేదాన్ని. నూట ఇరవై మంది పిల్లల గోల విన్న చెవులకి ఇంకొక్క మాట పట్టేది కాదు. అప్పుడు అర్థమైంది ఆయన బాధేమిటో, పదేళ్లు ఆలస్యంగా. అందుకే ఆ అబ్బాయికి, తమ్ముడిలాంటివాడే కదా అని చెప్పాను, ఆ అమ్మాయి బడి నుంచి వచ్చిన అరగంట ఏమీ అడక్కు, టీ ఇచ్చి వదిలెయ్, తర్వాత తనే చెబుతుంది. అమ్మాయికి చెప్పాను, అరగంట అయ్యాక నువ్వే పిలిచి, అతను ఆ రోజు ఏం చేశాడో అడుగు, లైబ్రరీకి వెళ్లొచ్చాను అన్నది కూడా ఒక రోజు కథే.

ఇక తమ్ముడి పని అనుమతి. జె-2 వాళ్లకి పని చేసుకునే వీలుంది, హెచ్-4 కంటే నయం. కాకపోతే దిగిన రోజున రాదు. అక్కడికి వెళ్లాకే ఐ-765 అనే దరఖాస్తు పెట్టుకోవాలి, ఈఏడీ అనే పని అనుమతి కార్డు రావడానికి నెలలు పడుతుంది. ఆ దరఖాస్తుతో పెట్టే లెటర్లో, భార్య జీతం చాలక పని చేస్తాను అన్న అర్థం ఎక్కడా రాకూడదు. జె-2 సంపాదన జె-1 మనిషిని పోషించడానికి కాదు అన్నది రూలు. తిరగడానికి, చదువుకోవడానికి, కుటుంబ సరదాలకి అని రాసుకోవచ్చు. అబ్బాయి అన్నాడు, ఈలోగా ఇక్కడి కంపెనీకి ఆన్‌లైన్‌లో పని చేసిపెడతానని. కార్డు చేతికి రాకముందు ఆ ఆలోచన పెట్టుకోవద్దన్నాను. నాలుగు రూపాయల కోసం ఇద్దరి వీసా మీదికి తెచ్చుకోవడం ఎందుకు. చదువుకోవచ్చు, దానికి అడ్డు లేదు, కమ్యూనిటీ కాలేజీలో ఒకటో రెండో కోర్సులు చేస్తే కార్డు వచ్చేనాటికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

డ్రైవింగ్ మాత్రం మొదటి నెల్లోనే నేర్చుకోవాలి. చాలా ఊళ్లలో బస్సు ఉండదు. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర నిలబడి చెయ్యెత్తితే ఆటో ఆగినట్టు అక్కడ ఏదీ ఆగదు. అమ్మాయికి ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నెంబరు) వస్తుంది, దిగాక స్పాన్సర్ సంస్థ, అంటే ఆమె జె-1 కార్యక్రమాన్ని నడిపే సంస్థ, సెవిస్ అనే ప్రభుత్వ రికార్డులో ఆమె వచ్చినట్టు ఎక్కించాక, ఓ పది రోజులు ఆగి వెళ్లడం మంచిది. తమ్ముడికి ఈఏడీ వచ్చేదాకా ఎస్‌ఎస్‌ఎన్ ఇవ్వరు. అయినా సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్లి "ఇతనికి ఇప్పుడు ఇవ్వడం కుదరదు" అని లెటర్ తీసుకుంటే, డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఆ కాగితం పనికొస్తుంది. రాష్ట్రానికో పద్ధతి కాబట్టి ముందు వాళ్ల వెబ్‌సైటు చూసి వెళ్లండి.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను. ఆగస్టులో చేరితే పూర్తి జీతం చేతికి రావడానికి చాలాచోట్ల సెప్టెంబరు అవుతుంది, ఈలోగా అద్దె అడ్వాన్సు, కారు, ఇన్సూరెన్సు అన్నీ కట్టాలి, కాబట్టి రెండు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని రండి. జీతం పది నెలలకా, పన్నెండు నెలలకి సర్ది ఇస్తారా అని చేరిన రోజే అడగండి. అడక్కపోతే జూలైలో ఖాతా ఖాళీగా కనిపించి గుండె జారుతుంది. ఆరోగ్య బీమా ఇద్దరికీ తప్పనిసరి, ఒక్కో జబ్బుకి లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల కవరేజీ ఉండాలి. బడి ఇచ్చే బీమాలో భర్తని చేర్చడానికి జీతంలోంచి పెద్ద కోతే పడుతుంది, అది ముందే లెక్కేసుకోండి. పన్నుల్లో ఒక్కటి గుర్తుపెట్టుకోండి. జె-1 టీచరుకి మామూలుగా మొదటి రెండు క్యాలెండరు సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి కోసే 7.65 శాతం కొయ్యకూడదు. ఆగస్టులో దిగినా ఆ సంవత్సరం ఒకటిగా లెక్కే. కొన్ని బడుల ఆఫీసుల్లో తెలియక కోసేస్తారు, మొదటి పేస్లిప్పే చూసి అడగండి. తమ్ముడు జె-2 మీద పని చేస్తే ఈ మినహాయింపు అతనికి వర్తించదు. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలో టీచర్లకి రెండేళ్ల ఆదాయపు పన్ను మినహాయింపు కూడా ఉంది కానీ, రెండేళ్లు దాటి ఉండాలనుకునేవాళ్లకి అందులో మెలిక ఉంది, తెలిసిన పన్ను సలహాదారుని అడక్కుండా వాడుకోకండి.

జె-1 టీచరు మూడేళ్లు ఉండొచ్చు, బడి, స్పాన్సర్ ఒప్పుకుంటే ఇంకో ఏడాదో రెండేళ్లో పొడిగిస్తారు. తర్వాత రెండేళ్లు ఇండియాలో ఉండి తీరాలన్న షరతు మీద అందరూ భయపెడతారు. ఏ దేశానికి ఏ నైపుణ్యం ఉన్నవాళ్లు తిరిగి కావాలో చెప్పే అమెరికా జాబితా ఒకటుంది, 2024 డిసెంబరు 9న మార్చిన ఆ జాబితాలో భారత్ పేరు తీసేశారు, కాబట్టి ఆ కారణంతో పడే షరతు ఇప్పుడు మనకి లేదు. ప్రభుత్వ నిధులతో వెళ్లిన వాళ్లకి అది వేరే సంగతి. మీ వీసా మీద, స్పాన్సర్ ఇచ్చే డీఎస్-2019 కాగితం మీద ఏం రాశారో చదువుకోండి. ఇంకోటి, స్పాన్సర్ సంస్థల జాబితా అమెరికా విదేశాంగ శాఖ వెబ్‌సైటులో ఉంటుంది, అందులో పేరు చూడకుండా ఎవరికీ డబ్బు కట్టొద్దు. నాతో పనిచేసిన ఒకావిడ మధ్యవర్తికి లక్షలు పోసి, చెప్పిన ఊరు ఒకటి, దిగిన ఊరు ఇంకొకటి అయి, మొదటి ఏడాదంతా ఆ అప్పు తీర్చడానికే సరిపోయింది.

బడి గురించి అమ్మాయి అడిగినవి పదిహేను ప్రశ్నలు, అసలు ఆశ్చర్యాలు మాత్రం వాటిలో లేవు. నువ్వు క్లాసులోకి వెళ్తే ఎవరూ లేచి నిలబడరమ్మా. అగౌరవం అనుకోకు, అది వాళ్ల అలవాటు కాదు, అంతే. టీచరే గుమ్మం దగ్గర నిలబడి వచ్చే పిల్లల్ని పలకరించాలి. పొద్దున జెండా ప్రతిజ్ఞ చెబుతారు, నువ్వు మర్యాదగా నిలబడితే చాలు. ఏ పిల్లాడైనా చెప్పనంటే బలవంతం చెయ్యకు, 1943లోనే వాళ్ల సుప్రీంకోర్టు చెప్పేసింది ఆ మాట. బెత్తం సంగతి సరే, భుజం మీద చెయ్యి కూడా వెయ్యకు. మార్కులు క్లాసులో పైకి చదవకూడదు, ర్యాంకులు గోడకి అంటించకూడదు, పిల్లల చదువు వివరాలు గోప్యం అని 1974 నుంచి చట్టం ఉంది. మన దగ్గర ఫస్ట్ వచ్చినవాడి ఫొటో ఆటో వెనక ఉంటుంది, అక్కడ అలా కుదరదు. ఐఈపీ అనే కాగితం కొందరు పిల్లలకి ఉంటుంది, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకి. ఎక్కువ సమయం ఇవ్వాలనో ముందు బెంచీలో కూర్చోబెట్టాలనో అందులో రాసి ఉంటే అది సలహా కాదు, చట్టం. మొదటి వారంలోనే ఎవరెవరికి ఉందో అడిగి తీసుకుని చదువు.

లెక్కలే కదా, భాష ఎందుకు అనుకుంటావు. నేను మొదటి వారం బోర్డు మీద 2,50,000 అని రాస్తే కామా తప్పు చోట పెట్టారు మిస్ అన్నారు పిల్లలు. లక్ష అన్న మాటే వాళ్లకి లేదు. లెక్కలో ఏ గుర్తు ముందు చెయ్యాలో చెప్పే బాడ్‌మాస్ అంటే తెలీదు, పెమ్‌డాస్ అనాలి. జెడ్ కాదు, జీ. తారీఖులో నెల ముందు రాస్తారు. చెరిపేసే రబ్బరుని రబ్బరు అని మాత్రం అనకు, ఎరేజర్ అను, రబ్బరు అన్న మాటకి అక్కడ కండోమ్ అని అర్థం. నేను "ఎవరి దగ్గరైనా రబ్బరు ఉందా" అని అడిగాను, క్లాసంతా బల్లల కింద దూరి నవ్వారు, పక్క గది టీచరొచ్చి చెబితే గానీ నాకు తెలీలేదు. ఇవి నవ్వుకునేవి. లాక్‌డౌన్ డ్రిల్ నవ్వుకునేది కాదు. తుపాకీతో ఎవరైనా వస్తే ఏం చెయ్యాలో చేయిస్తారు, లైట్లార్పి, తలుపు తాళం వేసి, పిల్లలందరినీ ఒక మూల నేల మీద కూర్చోబెట్టి చప్పుడు చెయ్యకుండా ఉండాలి. నా మొదటి డ్రిల్ రోజు ఒక పిల్ల నా చున్నీ చివర పట్టుకుంది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. అలాంటి రోజున ఇంట్లో మనిషి ఉండి, ఏమైంది అని కూడా అడక్కుండా పక్కన కూర్చుంటే అదే పెద్ద సాయం.

అక్కడ సెలవు పెట్టడం బడికి రావడం కంటే కష్టం, వచ్చే సబ్‌స్టిట్యూట్‌కి ప్రతి పీరియడూ ఏం చెయ్యాలో రాసిపెట్టాలి. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి సెలవు పెడతాను అంది ఈ పిల్ల. అక్కర్లేదన్నాను. దసరా తర్వాత మంగళవారం ఇక్కడ మధ్యాహ్నం మూడు దాటాక సిరిమాను కదులుతుంది, అప్పుడు అక్కడ తెల్లవారుజామున ఐదున్నర, లైవ్‌లో దణ్ణం పెట్టుకుని బడికి పోవచ్చు.

బట్టలు తక్కువ, కాగితాలు ఎక్కువ తీసుకెళ్లండి. సీల్ వేసిన ట్రాన్‌స్క్రిప్టులు, అంటే మార్కుల వివరాల కాగితాలు, యూనివర్సిటీ నుంచి ఇంకో రెండు సెట్లు ఇప్పుడే తెప్పించుకో, ఆంధ్రా యూనివర్సిటీదైనా ఎచ్చెర్లదైనా, అక్కడికి వెళ్లాక టీచరు లైసెన్సు కోసం అడిగితే ఇక్కడ తిరిగేవాళ్లు ఉండరు. పెళ్లి సర్టిఫికెట్టు కూడా, తమ్ముడి ప్రతి దరఖాస్తులోనూ అడుగుతారు. ఆవకాయ తెచ్చుకోండి గానీ మూడు కవర్లు చుట్టండి.

వెళ్లేముందు పెద్దావిడ మళ్లీ అడిగారు, ఫోను ఎప్పుడు చేస్తారని. బడి అయ్యేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది, అక్కడ రాత్రి తొమ్మిదికి చేస్తే ఇక్కడ పొద్దున ఆరున్నర అని చెప్పాను. గోడ మీద మా క్యాలెండరు చూసి, ఇంటికెళ్లి ఇలాగే రాసుకుంటానన్నారు. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పట్నించి ఏడున్నర అవుతుందండీ అన్నాను.

"ఏడున్నరకి నేను పొలం ఎల్లిపోతానే" అన్నారావిడ.

అబ్బాయి చెప్పులేసుకుంటూ అన్నాడు, "ఆదివారం పొద్దున్న చేస్తానమ్మా, నేనే కదా ఇంట్లో ఉండేది."